డాక్టర్ పంపకముందే పసిబిడ్డతో ఇంటికి వెళ్ళిపోవచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మీకు ఆపరేషన్ అయి ఈ రోజు మూడో రోజు. తొలి కాన్పు, 37 వారాలకు అయింది. పాప బరువు 2.6 కేజీలు. మీది ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. పొద్దున కామెర్ల పరీక్షలో బిలిరుబిన్, అంటే ఒళ్ళు పచ్చబడేలా చేసే పదార్థం, 15.8 వచ్చింది. పిల్లల డాక్టర్ లైట్ కింద పెట్టాలి, ఇంకో రెండు రోజులు ఉండాలి అన్నారు. ఎల్లుండి అమావాస్య, ఆలోపే బిడ్డని ఇంటికి చేర్చమని మీ అత్తగారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. పుట్టింటి కాన్పు కాబట్టి బిల్లు మీ నాన్నగారి మీద పడుతోంది. మీవారేమో "సంతకం పెట్టి తీసుకుపోదాం, పొద్దున పూట ఎండలో పెడితే అదే పోతుంది" అంటున్నారు. మీకు నిద్ర లేదు. వెళ్ళిపోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆసుపత్రి మిమ్మల్ని బలవంతంగా ఆపడానికి వీల్లేదు, వెళ్ళే హక్కు మీకుంది. కానీ మీరు రాసిన ఈ వివరాలతో మాత్రం పాపని లైట్ కింద నుంచి తీసి ఇంటికి తీసుకెళ్ళమని నేను చెప్పను. నేను డాక్టర్ని కాదు. గుంటూరులోను, తర్వాత విజయవాడలోను బాలింతల వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. సంచులు సర్దుకుని, ఫ్లాస్కు చేత్తో పట్టుకుని "సిస్టర్, మేం వెళ్ళిపోతాం" అని వచ్చినవాళ్ళు నాకు కొత్త కాదు. వాళ్ళలో వెళ్ళి హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరు వెళ్ళొచ్చు, ఎవరు వెళ్ళకూడదు అన్నది అసలు ఎందుకు ఉంచారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వార్డులో అందరూ అడిగేది "ఎప్పుడు పంపిస్తారు?" అనే. దానికి రౌండ్స్‌లో ఉన్న డాక్టర్ "రేపు చూద్దాం" అంటారు, రేపు మళ్ళీ అదే మాట, మీకు టెన్షన్. ఆ ప్రశ్న మానేసి ఇలా అడగండి: "డాక్టర్ గారూ, ఏం చూడటానికి ఉంచారు? ఏది ఎంతకి వస్తే పంపిస్తారు?" జవాబు స్పష్టంగా ఉంటే, అంటే "బిలిరుబిన్ ఇంతకి దిగాలి, లైట్ తీశాక మళ్ళీ పెరగలేదని చూడాలి" అంటే, దాన్ని పట్టుకుని మీ ఇంట్లోవాళ్ళకి చెప్పుకోవచ్చు. జవాబు "మా దగ్గర ప్యాకేజీ ఐదు రోజులండీ", "రొటీన్‌గా ఉంచుతాం" అని వస్తే అప్పుడు మాట్లాడుకోవడానికి చోటుంది. ప్యాకేజీ కోసం ఉంచేవాళ్ళు లేరని నేను అనను. మీ విషయంలో మాత్రం కారణం కాగితం మీదే ఉంది.

పుట్టిన పిల్లల ఒంట్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువ. అవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని బయటికి పంపాల్సిన కాలేయం ఇంకా పూర్తిగా పని అందుకోదు. అందుకే రెండో రోజు, మూడో రోజు చాలామంది పిల్లలు పచ్చబడతారు. మూడు నుంచి ఐదు రోజుల మధ్య అది పైకి వెళ్ళి, నెలలు నిండిన బిడ్డల్లో రెండు వారాల్లోపు దిగిపోతుంది. "మా పిల్లలందరికీ వచ్చాయి, అవే పోయాయి" అని మీ అత్తగారు అనడంలో అబద్ధమేమీ లేదు.

మీ పాపకి తోడైనవి రెండున్నాయి. తల్లిది ఓ గ్రూపు, బిడ్డది ఏ గాని బి గాని అయితే, తల్లి రక్తంలోని యాంటీబాడీలు కొన్ని బిడ్డలోకి వెళ్ళి అక్కడి ఎర్ర కణాలను త్వరగా విరగ్గొట్టే అవకాశం ఉంది. దీన్నే గ్రూపు పడకపోవడం అంటారు. ఓ గ్రూపు తల్లుల పిల్లలందరికీ ఇలా జరగదు, కానీ జరిగిన పిల్లల్లో బిలిరుబిన్ వేగంగా పెరుగుతుంది. రెండోది, 37 వారాలంటే నెలలు నిండినట్టే లెక్క గాని 39, 40 వారాల బిడ్డతో పోలిస్తే కాలేయం కొంచెం వెనకబడి ఉంటుంది, పాలు పీల్చే ఓపికా తక్కువే. అందుకే డాక్టర్లు అంకె ఒక్కటే చూడరు, బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందో చూసి చార్టులో ఆ గంట దగ్గర పెట్టి చూస్తారు. పుట్టిన మొదటి రోజే 12 వస్తే వార్డంతా పరుగెడతాం. అదే 12 ఐదో రోజున బాగా తాగుతున్న, నెలలు నిండిన బిడ్డకి వస్తే చాలాసార్లు చూస్తూ ఊరుకుంటాం. పక్క బెడ్ పాపకి 14 ఉన్నా ఇంటికి పంపారు, మనల్నెందుకు పంపరు అని గొడవపడేవాళ్ళకి ఇది చెప్పడానికే నాకు సగం డ్యూటీ అయిపోయేది.

బిలిరుబిన్ మరీ హద్దు దాటితే మెదడులోకి చేరుతుంది. చెవుడు రావచ్చు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయే జబ్బు రావచ్చు. ఒకసారి వస్తే అది వెనక్కి పోదు. ఇంట్లో దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పెరుగుతున్నప్పుడు బిడ్డ ఏడవదు, మత్తుగా పడుకుంటుంది. "మా పాప బంగారం, అసలు ఏడవనే ఏడవదు" అని అందరూ మురిసిపోతుంటారు. మత్తుగా ఉన్న బిడ్డ పాలు తాగదు. పాలు తాగకపోతే విరేచనం కాదు. విరేచనంతో పోవాల్సిన బిలిరుబిన్ పేగుల్లోంచి మళ్ళీ రక్తంలోకే వెళ్తుంది. ఇక అక్కడినుంచి గంటగంటకీ పెరుగుతుంది.

ఒక కుటుంబం నాకు ఇప్పటికీ గుర్తే. పల్నాడు వైపు వాళ్ళు. పుట్టిన మర్నాడు సాయంత్రం, తెల్లారితే మంగళవారమని, పచ్చగా ఉన్న బిడ్డని సంతకం పెట్టి తీసుకెళ్ళారు. ఐదో రోజు రాత్రి తిరిగొచ్చారు. అమ్మమ్మ ఒళ్ళో పాత చీర ముక్కలో చుట్టి ఉంది బిడ్డ. "పాలు తాగట్లేదమ్మా, నిద్రపోతానే ఉంది" అంది ఆవిడ. గుడ్డ విప్పితే అరికాళ్ళ దాకా పసుపు. అరికాలు మీద వేలితో తడితే ఒళ్ళు వెనక్కి విల్లులా వంచి సన్నగా, కీచుగా ఒక అరుపు. మామూలు ఏడుపు కాదది, విన్న నర్సు ఎవరూ మర్చిపోరు. ఆ రాత్రే రక్తమార్పిడి చేశారు. ప్రాణం నిలిచింది. వినికిడి లేదని తర్వాత తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు, మీవారికి చదివి వినిపిస్తారని రాశాను.

ఎండ సంగతి. ఎండలోనూ బిలిరుబిన్‌ని కరిగించే నీలి కాంతి కొంత ఉంటుంది, ఆ నమ్మకం అక్కడినుంచే వచ్చింది. కానీ లైట్ మెషిన్ నుంచి వచ్చేది 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య కాంతి, బిడ్డకి దగ్గరగా, ఒళ్ళంతా పడేలా, గంటల తరబడి ఆగకుండా. కిటికీ దగ్గర అరగంట కూర్చుంటే అంత మోతాదు రాదు. రావాలంటే బిడ్డని ఒట్టి ఒంటితో మన గుంటూరు ఎండలో గంటలకొద్దీ ఉంచాలి. అప్పుడు ఒళ్ళు కమిలిపోతుంది, నీరు ఆరిపోతుంది. గ్లూకోజు నీళ్ళు పట్టమని ఎవరైనా అంటే వద్దనండి. దాంతో కామెర్లు తగ్గవు, చిన్ని పొట్ట నీళ్ళతో నిండి పాలు తాగడం తగ్గుతుంది. ఇక ఊళ్ళో పసరు పోసే ఆయన ఉన్నాడని ఎవరైనా చెప్తే, నోట్లో గాని ముక్కులో గాని కంట్లో గాని చుక్క కూడా పడనివ్వకండి.

లైట్ కింద పెట్టడం చూసి చాలామంది తల్లులు ఏడుస్తారు. కళ్ళకి గంతలు కట్టి, ఒక్క డైపర్‌తో, నీలి వెలుగులో బిడ్డ ఒంటరిగా పడుకుని ఉంటే ఏ తల్లికైనా ప్రాణం ఉసూరుమంటుంది. గంతలు కంటిపాపకి వెలుగు తగలకుండా. ఒంటి మీద బట్టలు లేనిది చర్మానికి ఎంత వెలుగు తగిలితే అంత మంచిదని. ఆ లైట్ ఎక్స్‌రే లాంటిది కాదు. విరేచనం పలచగా, ఆకుపచ్చగా అవుతుంది, కంగారు పడొద్దు, బిలిరుబిన్ బయటికి పోతోందన్నమాట. రెండు మూడు గంటలకోసారి మీరు బయటికి తీసి పాలిచ్చుకోవచ్చు, ఆ కాసేపటికి వైద్యానికి ఏమీ కాదు. గంతలు తీసి, కళ్ళలోకి చూస్తూ పట్టండి. మెషిన్ మీ గదిలోకే తెచ్చి మంచం పక్కన పెట్టగలరేమో అడగండి. చాలా ఆసుపత్రుల్లో చిన్న ఎల్ఈడీ మెషిన్లున్నాయి, తల్లి దగ్గరే పెడతారు, అడగనిదే చెప్పరు. అలా పెడితే మీ దిగులు సగం తగ్గుతుంది.

ఇది మీ పాప సంగతి. కామెర్లు లేకపోయినా "బిడ్డ బాగానే ఉందిగా, ఎందుకు ఉంచారు" అని అడిగేవాళ్ళు చాలామంది కాబట్టి వాళ్ళకోసం నాలుగు మాటలు. మామూలు కాన్పయితే కనీసం 24 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, 48 గంటలు ఉంచాలని మన ప్రభుత్వ నిబంధన. కడుపులో ఉన్నప్పుడు గుండె దగ్గర తెరిచి ఉండే ఒక రక్తనాళం పుట్టాక మొదటి కొన్ని రోజుల్లో మూసుకుంటుంది. కొన్ని రకాల గుండె లోపాలున్న పిల్లలు ఆ నాళం తెరిచి ఉన్నంతసేపూ గులాబీ రంగులో నవనవలాడుతూ ఉంటారు, అది మూసుకున్నాకే నీలంగా మారతారు. అందుకే ఒక రోజు దాటాక కాలికీ చేతికీ క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూస్తారు. ఉమ్మనీరు పోయి చాలాసేపయ్యాక కాన్పయితే ఇన్ఫెక్షన్ కోసం కనిపెట్టి ఉంటారు. మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ చూడటానికి కూడా 48 గంటలు దాటడం మంచిది. బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి, విటమిన్ కె ఇంజెక్షన్ అయ్యాయో లేదో కార్డులో చూసుకోండి. తల్లిది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లోపు పడాలి. అది పడకుండా వెళ్ళిపోతే దెబ్బ తర్వాతి కాన్పుకి తగులుతుంది.

తల్లి గురించి ఎవరూ అడగరు. బీపీ కాన్పుతో పోతుందనుకుంటారు గాని మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య అది మళ్ళీ పైకి లేవడం మామూలే. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా వస్తాయి. మీకు కాన్పుకి ముందు బీపీ ఉందో లేదో రాయలేదు. ఉండి ఉంటే, మిమ్మల్ని ఉంచడానికి అదీ ఒక కారణమే.

ఇప్పుడు అమావాస్య. పెద్దవాళ్ళ పట్టింపుని కొట్టిపారేస్తే పని జరగదు, ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది. నేను వార్డులో చూసిన మార్గం ఒకటుంది. మీ ఇంటి పురోహితుడికి మీ మామగారి చేతే ఫోన్ చేయించండి. బిడ్డకి వైద్యం జరుగుతోంది, ఏ రోజు తీసుకురమ్మంటారు అని అడిగితే, అమావాస్య, పాడ్యమి వెళ్ళనిచ్చి విదియ నాడు తెచ్చుకోండి అనే చెప్తారు ఎక్కువమంది. మీ లెక్క ప్రకారం విదియ వచ్చేసరికి లైట్ తీసేసి, మళ్ళీ పరీక్ష కూడా చేసి ఉంటారు. అత్తగారికి "డాక్టర్ వద్దన్నారు" అని చెప్పే బదులు "విదియ నాడు వస్తాం" అని చెప్పండి. పదకొండో రోజు పురిటిస్నానానికి ఎలాగూ ఇంట్లోనే ఉంటారు. ఇరవై ఒకటో రోజు బారసాల ఎక్కడికీ పోదు.

బిల్లు దగ్గర మొహమాటం వద్దు. తొలి కాన్పు ఖర్చు పుట్టింటివాళ్ళదే అనే మన ఆనవాయితీ వల్ల ఆడపిల్లలు ఎంత నలిగిపోతారో నాకు తెలుసు, మంచం మీద పడుకుని గది అద్దె లెక్కేసుకుంటుంటారు. ముందుగా వివరాలతో బిల్లు అడగండి, ఇప్పటిదాకా ఎంత, రోజుకి ఎంత పడుతోంది అని. రెండోది, కుట్లు బాగుంటే మిమ్మల్ని డిశ్చార్జ్ చేసి, పాపని మాత్రమే అడ్మిషన్‌లో ఉంచి, మీరు తోడుగా ఉండే వీలుందేమో అడగండి. ఏసీ గది నుంచి జనరల్ వార్డుకి మారతామని చెప్పినా తగ్గుతుంది. మూడోది, మీవారిని కూర్చోబెట్టి, కాన్పు ఖర్చు సంగతి ఎలా ఉన్నా పాప వైద్యం ఖర్చు తనది కూడా అని చెప్పండి. అది మీరు చెప్పలేకపోతే మీ డాక్టరమ్మ చేత చెప్పించండి, మేం అలాంటివి చాలా చెప్పించాం.

అయినా డబ్బు అందదు అనుకుంటే ఇంటికి వెళ్ళడం ఒక్కటే దారి కాదు. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉంది, లైట్ వైద్యం అక్కడా చేస్తారు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బు చేసిన పసిపిల్లలకి మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. కాన్పులు కూడా అంతే, మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజులు తిండితో సహా. మీ డాక్టర్ని రిఫరల్ లెటర్ రాయమనండి, బెడ్ ఉందో లేదో ముందు ఫోన్ చేయించండి, ఆ లెటర్‌లో గ్రూపులు, బిలిరుబిన్ ఏ గంటకి ఎంతో, లైట్ ఎప్పుడు మొదలైందో ఉండేలా చూసుకోండి. కొత్తపేట నుంచి జీజీహెచ్ ఎంత దూరమని! ఇలా వెళ్తే వైద్యం మధ్యలో తెగదు. ప్రభుత్వ ఆసుపత్రి అంటే మీ బంధువుల్లో ఎవరో ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

నిద్ర లేకపోవడం చిన్న విషయం కాదు, చాలామంది అసలు దానివల్లే వెళ్ళిపోతామంటారు. కోతపెట్టిన పొట్ట, రెండు గంటలకోసారి పాలు, మధ్యలో ఇంజెక్షన్, ఊడ్చే ఆయమ్మ, చూడటానికి వచ్చే చుట్టాలు. ఇంటికెళ్తే నిద్రపోతానని మీరు అనుకుంటారు. పచ్చి బాలింత ఇంట్లో ఉందని తెలిస్తే వచ్చే జనం ఆసుపత్రి కంటే ఎక్కువ. ఇక్కడైతే "విజిటర్లని ఆపండి సిస్టర్" అని చెప్పుకోవచ్చు, ఇంట్లో ఎవరికి చెప్తారు? రాత్రి తోడుకి ఒక్కరే ఉండేలా, పాలు పట్టాక పాపని వాళ్ళు చూసేలా ఏర్పాటు చేసుకోండి. మధ్యాహ్నం మూడు గంటలు ఫోన్ మీ అమ్మగారి దగ్గర ఉంచండి.

ఇంత చెప్పినా వెళ్ళాల్సి వస్తే, చెప్పే వెళ్ళండి. రాత్రిపూట బిడ్డని కొంగు కింద దాచుకుని మెట్లు దిగిపోయినవాళ్ళున్నారు. పసిపిల్లల్ని ఎత్తుకుపోయే వాళ్ళ భయం వల్ల గేటు దగ్గర కాగితం లేకుండా బిడ్డతో ఎవర్నీ పోనివ్వరు, పోలీసులకీ కబురు వెళ్తుంది. కన్న తల్లివై ఉండి దొంగలా నిలబడాల్సిన ఖర్మేంటి?

వైద్యుల సలహాకి వ్యతిరేకంగా వెళ్ళడాన్ని ఆసుపత్రి వాళ్ళు లామా అంటారు, కొన్నిచోట్ల డామా అంటారు. ఒక ఫారం ఇస్తారు, మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం, ప్రమాదం వివరించారు, మాదే బాధ్యత అని. సంతకం పెట్టేముందు అది పూర్తిగా చదవండి, ఏ ప్రమాదం వివరించారో మీకు అర్థమయ్యే తెలుగులో రాయమనండి. ఆ సంతకంతో ఆసుపత్రివాళ్ళు అంతకుముందు చేసిన పొరపాట్లు మాఫీ అయిపోవు. మళ్ళీ అక్కడికే వెళ్ళకూడదని కూడా కాదు. నామోషీ పడి ఇంకో ఆసుపత్రి వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోవద్దు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసి 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో బిల్లు తగాదా పేరుతో రోగిని ఆపకూడదని, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవచ్చని ఉంది. రికార్డుల నకళ్ళు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. అలాగని పెద్దల విషయంలో ఉన్నంత స్వేచ్ఛ బిడ్డ విషయంలో లేదు. బిడ్డ ప్రాణానికి ముప్పుందని తెలిసీ తీసుకెళ్తుంటే డాక్టర్లు బాలల సంక్షేమ కమిటీకి తెలపవచ్చు. ఇన్సూరెన్స్ ఉంటే సంతకం పెట్టకముందే ఆ కౌంటర్‌లో అడగండి, పాలసీని బట్టి ఉంటుంది.

చేతిలో డిశ్చార్జ్ సమ్మరీ, రక్త గ్రూపు రిపోర్టులు, బిలిరుబిన్ రిపోర్టులన్నీ సమయంతో సహా, టీకా కార్డు లేకుండా గడప దాటొద్దు. జనన నమోదు వివరాలు ఆసుపత్రి 21 రోజుల్లోపు పంపాలి, మీ పేర్లు, అడ్రసు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి. పాప పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మర్నాడే మళ్ళీ బిలిరుబిన్ ఎక్కడ, ఎన్నింటికి చూపిస్తారో రాయించుకోండి. మీరు వెళ్ళేది సత్తెనపల్లి అవతల ఉన్నంత దూరపు ఊరైతే ఆ రెండు రోజులూ గుంటూరులోనే ఏ బంధువుల ఇంట్లోనో ఉండండి.

ఇంటికి ఎప్పుడు వెళ్ళినా, విదియకి వెళ్ళినా సరే, కొన్ని చూసుకోవాలి. పగటి వెలుగులో ముక్కు మీద, ఛాతీ మీద, మోకాలి కింద వేలితో ఒక క్షణం నొక్కి వదలండి, చర్మం పసుపుగా కనిపిస్తే గమనించండి. పసుపు ముఖం నుంచి కిందికి దిగుతుంది. కాళ్ళకీ, అరచేతులకీ, అరికాళ్ళకీ వచ్చిందంటే ఆ పూటే ఆసుపత్రికి. ట్యూబ్‌లైట్ కింద చూసి బాగుందనుకోవద్దు. లైట్ వైద్యం తీసుకున్న బిడ్డకి రంగు చూసి చెప్పడం మాకే కష్టం, రక్త పరీక్షే నమ్మాలి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు, ఐదో రోజు నుంచి ఆరు సార్లకి తగ్గకుండా మూత్రం, నల్లటి విరేచనం నాలుగైదు రోజులకి పసుపులోకి మారడం, ఇవి బాగున్నట్టు గుర్తు. పాలు పీల్చకపోయినా, లేపినా లేవకపోయినా, కీచుగా ఏడ్చినా, ఒళ్ళు వేడెక్కినా చల్లబడినా, నిమిషానికి అరవై సార్లకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మీకు ఒక గంటలోనే ప్యాడ్ తడిసిపోతున్నా, విపరీతమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా, జ్వరం, కుట్ల దగ్గర చీము, ఒక పిక్క వాచి నొప్పి ఉన్నా అంతే.

ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతో చేసేవి కొన్ని ఉంటాయి. తేనె నాకించడం ఏడాది దాకా వద్దు. వస అరగదీసి నాలిక మీద రాయడం, ముక్కులో చెవిలో నూనె పోయడం, ఆముదం పట్టడం, తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయడం, బొడ్డు మీద పసుపో పౌడరో అద్దడం ఏదీ వద్దు. బొడ్డు ఆరుతూ ఉంటే అదే ఊడిపోతుంది. ఇంకొకటి, ఇది మీ పాపకి మరీ ముఖ్యం: ట్రంకు పెట్టెలోంచి తీసిన పాత బట్టలు, బొంతలు, కలరా ఉండల వాసన వస్తుంటే పాప ఒంటికి తగలనివ్వకండి. జీ6పీడీ అనే లోపం ఉన్న పిల్లల్లో ఆ ఉండల మందు ఎర్ర కణాలను విరగ్గొట్టి కామెర్లని ఒక్కసారిగా పెంచుతుంది. ఆ లోపం ఉందని పైకి తెలియదు. ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయినవే వాడండి.

ఆశా కార్యకర్తకి మీరు ఏ ఊళ్ళో, ఎవరింట్లో ఉంటారో ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ఆసుపత్రి కాన్పులకి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఇంటికొచ్చి బిడ్డ బరువు, వేడి చూడాలి, మీరు పుట్టింట్లో ఉన్నారని తెలియక చాలాసార్లు అత్తగారి ఊళ్ళో వెతుకుతారు. జీజీహెచ్‌కి మారితే డిశ్చార్జ్ రోజు 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటిదాకా దింపుతుంది, డబ్బులివ్వక్కర్లేదు. సాయంత్రం బిలిరుబిన్ రిపోర్టు వచ్చాక అంకె, పరీక్ష చేసిన సమయం రెండూ రాయండి. ఎన్ని గంటల వయసుకి తీశారో లేకుండా ఒట్టి అంకె రాస్తే నేనేమీ చెప్పలేను.